మూడు నెలల సర్టిఫికెట్‌తో డైటీషియన్ అవ్వొచ్చా?

ప్రశ్న: మేడమ్, నమస్తే. మాది కరీంనగర్ జిల్లాలో ఒక మండల కేంద్రం. నాన్న కిరాణా షాపు నడుపుతారు. నేను బీఎస్సీ ఆఖరి సంవత్సరంలో ఉన్నాను. అప్లైడ్ న్యూట్రిషన్, జువాలజీ, కెమిస్ట్రీ నా సబ్జెక్టులు. డైటీషియన్ కావాలని ఉంది. నాన్న బీఈడీ చేయమంటున్నారు. హైదరాబాద్‌లో ఉండే మా పెద్దమ్మ కూతురు మాత్రం ఆన్‌లైన్‌లో మూడు నెలల న్యూట్రిషనిస్ట్ కోర్సు చేస్తే చాలు, ఇంట్లో కూర్చుని సంపాదించుకోవచ్చు అంటోంది. ఫీజు 40 వేలు. ఈ నెలాఖరులోపు కడితే తగ్గింపు ఉందట. మా సీనియర్ ఒకామె దూరవిద్యలో ఎమ్మెస్సీ చేస్తూ ఏదైనా ఉద్యోగం చూసుకోమంది. ఏది మంచిదో తెలియక చాలా టెన్షన్‌గా ఉంది. ఆసుపత్రిలో మొదటి జీతం చాలా తక్కువ అంటున్నారు, నిజమేనా? నాకు ఇంగ్లిష్ చదివితే అర్థమవుతుంది కానీ మాట్లాడలేను. అది అడ్డమవుతుందా? ఇంకొక మాట. మా అమ్మకు షుగర్. నేనే డైట్ చార్ట్ రాసిచ్చాను. నాలుగు రోజులు పాటించి వదిలేసింది. ఇంట్లో వాళ్లనే మార్చలేనిదాన్ని ఈ పనికి పనికొస్తానా అని కూడా అనిపిస్తోంది.

సమాధానం: ముందు ఆ 40 వేల సంగతి. కట్టకమ్మా. తగ్గింపు గడువు అయిపోతుందని ఎన్నిసార్లు ఫోన్ చేసినా కట్టకు. మూడేళ్లు న్యూట్రిషన్ చదివినదానివి. ఆ కోర్సులో చెప్పేదాంట్లో ఎక్కువ భాగం నువ్వు మొదటి సంవత్సరంలోనే చదివేసి ఉంటావు. ఆ సర్టిఫికెట్ చూసి ఏ పెద్ద ఆసుపత్రీ డైటీషియన్‌గా తీసుకోదు, ప్రభుత్వ నోటిఫికేషన్లకు అది అర్హత కాదు, ఇండియన్ డైటెటిక్ అసోసియేషన్ పెట్టే రిజిస్టర్డ్ డైటీషియన్ పరీక్షకు కూడా పనికిరాదు.

మీ సీనియర్ చెప్పిన దూరవిద్య దారి ఇటీవలి వరకు ఉండేది. ఇగ్నో నుంచి డైటెటిక్స్‌లో ఎమ్మెస్సీ చేసి మంచి స్థానాల్లో ఉన్నవాళ్లు ఉన్నారు. ఇప్పుడా దారి మూసేశారు. 2025 జులై-ఆగస్టు అడ్మిషన్ల నుంచి ఫుడ్ అండ్ న్యూట్రిషన్, క్లినికల్ న్యూట్రిషన్ అండ్ డైటెటిక్స్ వంటి ఆరోగ్య సంబంధ కోర్సులను దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో నడపకూడదని యూజీసీ ఆదేశించింది. ఎవరైనా ఇంకా సీటు ఉంది, ఇప్పిస్తాం అంటే జాగ్రత్త. డబ్బూ పోతుంది, రెండేళ్లూ పోతాయి.

దీని వెనకున్న చట్టం గురించి కూడా తెలుసుకో. 2021లో పార్లమెంటు అలైడ్ అండ్ హెల్త్‌కేర్ ప్రొఫెషన్స్ చట్టం చేసింది. ఫిజియోథెరపిస్టులు, ఆప్టోమెట్రిస్టులతో పాటు డైటీషియన్లు, న్యూట్రిషనిస్టులు కూడా దాని కిందికి వచ్చారు. ఏ చదువుకు గుర్తింపు ఉంటుంది, ఎన్ని గంటల శిక్షణ ఉండాలి, ఎవరి పేరు రిజిస్టర్‌లో ఎక్కుతుంది అన్నవి ఇక ఆ చట్టం ప్రకారం జరుగుతాయి. ఇన్నాళ్లూ మన వృత్తికి ఇలాంటి కట్టుబాటు లేకపోవడం వల్లే ఎవరు పడితే వాళ్లు బోర్డు పెట్టుకున్నారు. ఇప్పుడు చదువులో అడుగుపెట్టే నీలాంటివాళ్లు రేపు రిజిస్ట్రేషన్ అడిగినప్పుడు చూపించగలిగే డిగ్రీనే ఎంచుకోవాలి. అంటే రెగ్యులర్ ఎమ్మెస్సీ, దాంతోపాటు ఆసుపత్రిలో ఆరు నెలల ఇంటర్న్‌షిప్.

నిజానికి ఈ ఉత్తరంలో నేను చెప్పదలచుకున్నదంతా ఆ ఇంటర్న్‌షిప్ చుట్టూనే ఉంది. కాలేజీ పేరు, ర్యాంకు, బిల్డింగు చూసి సీటు ఎంచుకుంటారు పిల్లలు. రోగి మంచం పక్కన నిలబడే అవకాశం ఎక్కడ ఎక్కువ దొరుకుతుందో చూసి ఎంచుకోమని నేను చెబుతాను. ఎందుకో వివరంగా చెప్పనివ్వు.

కిడ్నీ వార్డు సంగతి చూడు. కిడ్నీలు పాడవుతున్నాయని తెలిసిన కొత్తలో డాక్టర్లు ప్రొటీన్ తగ్గించమంటారు. మనిషి పరిస్థితిని బట్టి కిలో బరువుకు 0.6 నుంచి 0.8 గ్రాముల దాకా. 60 కిలోల మనిషికి రోజుకు 36 నుంచి 48 గ్రాములన్నమాట. ఇంటివాళ్లు భయపడి పప్పు మానిపించేస్తారు, గుడ్డు మానిపించేస్తారు. ఏడాదికో రెండేళ్లకో డయాలసిస్ మొదలవుతుంది. అప్పుడు లెక్క తిరగబడుతుంది. డయాలసిస్‌లో అమినో ఆమ్లాలు బయటికి పోతాయి కాబట్టి కిలోకు 1 నుంచి 1.2 గ్రాములు తినాలి. అదే మనిషి 60 నుంచి 72 గ్రాములు తినాలి. కానీ ఇంట్లో ఎవరికీ ఆ సంగతి తెలియదు. పాత కాగితం ఫ్రిజ్ మీద అలాగే అంటించి ఉంటుంది. మనిషి రోజురోజుకీ చిక్కిపోతుంటే జబ్బు ముదిరిందనుకుంటారు. తిండి లేక చిక్కిపోయాడని ఎవరికీ తట్టదు. నెఫ్రాలజీ వార్డులో ఇలాంటివాళ్లు తరచుగా కనిపిస్తారు. ఆ కాగితం మార్చాల్సింది డైటీషియనే.

కిడ్నీ రోగి తగ్గించాల్సిన పొటాషియం సంగతి కూడా అంతే. కూరగాయలను చిన్న ముక్కలుగా కోసి, ఎక్కువ నీళ్లలో ఉడికించి, ఆ నీళ్లు వంపేస్తే పొటాషియం కొంత పోతుందని పుస్తకంలో చదువుతావు. వార్డులో ఆ ఇంటావిడ అడిగే ప్రశ్న వేరుగా ఉంటుంది: "మరి ఆ కూర నా పిల్లలు తింటారా? ఇద్దరికి వేరేగా, ముగ్గురికి వేరేగా వండాలా?" దానికి నీ దగ్గర జవాబుండాలి. ఉప్పు తగ్గించమన్నారని ఎవరో మార్కెట్లో దొరికే తక్కువ సోడియం ఉప్పు తెస్తారు. అందులో సోడియం తగ్గించిన చోట పొటాషియం క్లోరైడ్ ఉంటుంది. బీపీ ఉన్న మామూలు మనిషికి మేలు చేసే ఆ ఉప్పు కిడ్నీ రోగికి గుండె లయ తప్పించగలదు. నీరసంగా ఉందని కొబ్బరినీళ్లు తాగించేవాళ్లూ అంతే, వాటిలోనూ పొటాషియం ఎక్కువ. ఈ విషయాలన్నీ తరగతిలో చెబుతారు. అయినా రోగి ఇంట్లో ఏ ఉప్పు వాడుతున్నారో అడగాలన్న ఆలోచన మాత్రం వార్డులో పనిచేశాకే వస్తుంది.

పిల్లల వార్డుకు వెళ్దాం. తీవ్ర పోషకాహార లోపంతో వచ్చే పిల్లల కోసం ప్రభుత్వ ఆసుపత్రుల్లో న్యూట్రిషన్ రిహాబిలిటేషన్ సెంటర్లు ఉన్నాయి. అందరూ ఎన్‌ఆర్‌సీ అంటారు. ఆరు నెలలు దాటిన, ఐదేళ్లలోపు బిడ్డ పై చేతి చుట్టుకొలత 11.5 సెంటీమీటర్ల కన్నా తక్కువ ఉంటే ప్రమాదం. అంత చిక్కిన బిడ్డను చూస్తే ఎవరికైనా కడుపు నిండా పెట్టాలనిపిస్తుంది. అలా పెడితే ప్రాణం పోవచ్చు. చాలాకాలం ఆకలితో ఉన్న శరీరానికి ఒక్కసారిగా ఎక్కువ ఆహారం అందితే రక్తంలో ఫాస్ఫేట్, పొటాషియం పడిపోయి గుండె దెబ్బతింటుంది. అందుకే 100 మిల్లీలీటర్లకు 75 క్యాలరీలుండే పాలతో మొదలుపెడతారు. దాన్ని ఎఫ్-75 అంటారు. బిడ్డ కుదురుకున్నాకే 100 క్యాలరీలుండే ఎఫ్-100కు మారుస్తారు. ఎప్పుడు మార్చాలి, కొద్దికొద్దిగా ఎన్ని గంటలకోసారి పట్టాలి, వాంతి చేసుకుంటే ఏం చేయాలి అన్నవి పక్కన నిలబడి చూసి, చేసి నేర్చుకునేవే. ఐసీయూలో పదిరోజులు ఏమీ తినని పెద్ద మనిషికి ట్యూబ్ ఫీడ్ మొదలుపెట్టేటప్పుడు కూడా ఇదే జాగ్రత్త. మూడు నెలల్లో వీడియోలు చూసి ఈ బాధ్యత ఎవరూ తీసుకోలేరు, తీసుకోకూడదు.

ఇక సీటు సంగతి. తెలంగాణలో విశ్వవిద్యాలయాల పీజీ సీట్లకు సీపీగెట్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. ఆంధ్రప్రదేశ్‌లో ఏపీ పీజీసెట్ ఉంది. హైదరాబాద్‌లో కోఠి మహిళా విశ్వవిద్యాలయం, నారాయణగూడ ఆర్‌బీవీఆర్‌ఆర్ మహిళా కళాశాలల్లో న్యూట్రిషన్ చదువు ఎప్పటినుంచో నడుస్తోంది. సైఫాబాద్‌లోని పాత హోమ్ సైన్స్ కాలేజీని ఇప్పుడు కమ్యూనిటీ సైన్స్ కాలేజీ అంటున్నారు. అది వ్యవసాయ విశ్వవిద్యాలయం కింద ఉంటుంది కాబట్టి అక్కడ పీజీకి ప్రవేశం వేరు, అర్హతలూ వేరు. తిరుపతిలో పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం, శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం రెండింట్లోనూ హోమ్ సైన్స్ విభాగాలున్నాయి. నోటిఫికేషన్ రాగానే నీ మూడు సబ్జెక్టుల కాంబినేషన్‌కు ఏ కోర్సులో అర్హత ఉందో ఒక్కొక్కటీ చూసుకో.

తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థను మర్చిపోకు. ఎన్‌ఐఎన్ అంటే అందరికీ తెలుస్తుంది. 1918లో కూనూర్‌లో బెరిబెరి జబ్బు మీద పరిశోధన కోసం ఒక చిన్న విభాగంగా మొదలై, 1958లో హైదరాబాద్‌కు వచ్చింది. దేశంలో ఏ మూల న్యూట్రిషన్ చదివే విద్యార్థి అయినా తెరిచే ఆహార విలువల పట్టికలు అక్కడ తయారైనవే. 2017లో వచ్చిన పట్టికల్లో 528 ఆహార పదార్థాల విశ్లేషణ ఉంది. అక్కడ అప్లైడ్ న్యూట్రిషన్‌లో, స్పోర్ట్స్ న్యూట్రిషన్‌లో ఎమ్మెస్సీ ఉంది. ప్రవేశ పరీక్ష వాళ్లే పెడతారు. సీట్లు తక్కువ, పోటీ ఎక్కువ. అయినా రాయి. పరిశోధన వైపు, ప్రజారోగ్యం వైపు మనసుంటే అంతకన్నా మంచి చోటు మన దగ్గర లేదు. వార్డులో పనే కావాలనుకుంటే మాత్రం అక్కడ చదివినా ఆసుపత్రి ఇంటర్న్‌షిప్ విడిగా గట్టిగా చేయాల్సిందే.

కౌన్సెలింగ్‌కు ముందు నువ్వు ఎంచుకున్న ప్రతి కాలేజీ నుంచి సీనియర్లను ఇద్దరినైనా పట్టుకుని మాట్లాడు. ఇంటర్న్‌షిప్ కాలేజీయే ఏర్పాటు చేస్తుందా, మనమే వెతుక్కోవాలా? ఆసుపత్రిలో కిడ్నీ, లివర్, క్యాన్సర్, పిల్లల వార్డులు, ఐసీయూ అన్నీ తిప్పుతారా? అక్కడ అర్హతలున్న సీనియర్ డైటీషియన్ ఉన్నారా? కొన్నిచోట్ల ఇంటర్న్‌లను రోజంతా వంటగదిలో ట్రేలు లెక్కపెట్టడానికి, ఎక్సెల్ షీట్లు నింపడానికి వాడుకుంటారు. వంటగది పని తక్కువది కాదమ్మా. ఆసుపత్రి కిచెన్‌లో ఉప్పు లేని కూర ఏ గిన్నెలో ఉంది, ఆ ట్రే ఏ మంచానికి వెళ్లింది అన్నది తెలియని డైటీషియన్ రాసిన డైట్‌కు విలువుండదు. కానీ ఆరు నెలలూ అదే చేయిస్తే శిక్షణ పూర్తయినట్టు కాదు. కేస్ షీట్ చదవాలి, రౌండ్స్‌లో డాక్టర్ వెనక నడవాలి, నువ్వు రాసిన ప్లాన్‌ను సీనియర్ దిద్దాలి.

ఇంటర్న్‌షిప్‌కు చాలాచోట్ల స్టైపెండ్ ఉండదు, కొన్నిచోట్ల ఎదురు ఫీజు కూడా తీసుకుంటారు. కాబట్టి ఆ ఆరు నెలల హాస్టల్ ఖర్చు ముందే లెక్కలో పెట్టుకో. కన్వీనర్ కోటా సీటు వచ్చి, మీ ఆదాయం పరిమితిలో ఉంటే ప్రభుత్వ ఈపాస్ వెబ్‌సైట్‌లో ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు దరఖాస్తు చేయొచ్చు. ఆ డబ్బు ఆలస్యంగా వస్తుంటుంది, దాన్ని నమ్ముకుని హాస్టల్ ఫీజు ఆపకు.

చేసిన ప్రతి పోస్టింగ్‌కూ తేదీలు, గంటలు, వార్డు పేరు రాసి సంతకం చేయించుకుని దాచుకో. డైటెటిక్ అసోసియేషన్ పరీక్షకు కావాలి, రేపు ఆ 2021 చట్టం కింద కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్‌కు కావాలి. గల్ఫ్ దేశాల్లో ఉద్యోగానికి నీ డిగ్రీలు, అనుభవం అన్నీ వాటిని ఇచ్చిన సంస్థల దగ్గరే సరిచూస్తారు, అప్పుడూ కావాలి. పెళ్లయి అమెరికా వెళ్లే మన అమ్మాయిలు చాలామంది ఈ విషయంలో దెబ్బతింటున్నారు. అక్కడ 2024 జనవరి 1 నుంచి రిజిస్టర్డ్ డైటీషియన్ పరీక్ష రాయాలంటే మాస్టర్స్ డిగ్రీ తప్పనిసరి. దాంతోపాటు వాళ్లు గుర్తించిన ప్రోగ్రామ్, పర్యవేక్షణలో శిక్షణ ఉండాలి. ఇక్కడి ఎమ్మెస్సీతో నేరుగా ఆసుపత్రిలో చేరిపోవచ్చు అనుకుని వెళ్లి, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాల్సి వస్తోంది. ఇక్కడి సిలబస్ కాపీలు, గంటల లెక్కలు దగ్గరుంటే కొంతైనా భారం తగ్గుతుంది.

జీతం గురించి అడిగావు. నిజమే, తక్కువ. హైదరాబాద్ ప్రైవేటు ఆసుపత్రుల్లో కొత్తగా చేరినవాళ్లకు నెలకు 15 వేలు, 20 వేలు ఇవ్వడం మామూలు. ఇది అన్యాయమని నా గట్టి అభిప్రాయం. ఐదారేళ్లు చదివి, ఐసీయూలో నిర్ణయాల్లో పాలుపంచుకునే మనిషికి ఇవ్వాల్సిన జీతం కాదది. ఆసుపత్రుల నాణ్యతకు ఇచ్చే ఎన్‌ఏబీహెచ్ గుర్తింపు కోసం రోగుల పోషకాహార అంచనా రికార్డులు తప్పకుండా ఉండాలి, ఆ రికార్డులు రాసేది మనవాళ్లే. అయినా బేరమాడేటప్పుడు మనల్ని క్యాంటీన్ ఖర్చు కింద చూసే యాజమాన్యాలున్నాయి. ఈ సంగతి తెలిసే రా.

మొదటి రెండు మూడేళ్లు అలా గడిచాక దారులు విడిపోతాయి. కిడ్నీ, క్యాన్సర్, క్రిటికల్ కేర్, పిల్లల విభాగాల్లో ఒకదానిలో పట్టు సాధించినవాళ్లను ఆసుపత్రులు వదులుకోవు. ఎండోక్రినాలజిస్టుల దగ్గర డయాబెటిస్ ఎడ్యుకేటర్‌గా చేసేవాళ్లున్నారు. కొందరు సొంత క్లినిక్ పెట్టుకుంటారు. అనుభవం వచ్చాక పెట్టిన క్లినిక్ నిలబడుతుంది, డిగ్రీ చేతికి రాగానే పెట్టింది చాలావరకు మూతపడుతుంది. ఎందుకంటే మొదట్లో రోగుల్ని పంపేది డాక్టర్లే. నీ పని చూడని డాక్టర్ నీ దగ్గరికి ఎవరినీ పంపడు.

ప్రభుత్వ కొలువులు తక్కువే, కానీ ఉన్నాయి. 2024 రైల్వే పారామెడికల్ నోటిఫికేషన్‌లో 1,376 పోస్టులుంటే డైటీషియన్లకు దక్కినవి 5. మూలవేతనం 44,900. సైన్స్ డిగ్రీ మీద డైటెటిక్స్‌లో ఏడాది పీజీ డిప్లొమా, ఆసుపత్రిలో 3 నెలల ఇంటర్న్‌షిప్ అడిగారు, లేదా హోమ్ సైన్స్‌లో ఎమ్మెస్సీ. బీబీనగర్, మంగళగిరి లాంటి ఎయిమ్స్‌లకు నోటిఫికేషన్లు పడినప్పుడు పీజీతో పాటు పెద్ద ఆసుపత్రి అనుభవం అడుగుతారు. జిల్లా ఎన్‌ఆర్‌సీల్లో కాంట్రాక్టు పోస్టులుంటాయి. ఇంకోవైపు స్త్రీ శిశు సంక్షేమ శాఖలో అంగన్‌వాడీలను చూసే సూపర్‌వైజర్, సీడీపీఓ (శిశు అభివృద్ధి ప్రాజెక్టు అధికారి) ఉద్యోగాలకు న్యూట్రిషన్, హోమ్ సైన్స్ చదివినవాళ్లు పోటీ పడొచ్చు. ఆ పనిని ఎవరూ గొప్పగా చెప్పుకోరు కానీ నేను చెబుతాను. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది, ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం. ఐదేళ్లలోపు పిల్లల్లో ప్రతి ముగ్గురిలో ఒకరు వయసుకు తగ్గ ఎత్తు లేరు. ఇంతమంది ఆసుపత్రి దాకా రారు. వాళ్ల దగ్గరికి అంగన్‌వాడీ వెళ్లాలి, ఆ అంగన్‌వాడీ టీచర్‌కు సరిగ్గా చెప్పగలిగే సూపర్‌వైజర్ ఉండాలి. అంగన్‌వాడీలో పిల్లలకిచ్చే బాలామృతం పిండి ప్యాకెట్ ఇంటికి వెళ్లాక బిడ్డ కడుపులోకి వెళ్తోందా, ఇంట్లో అందరికీ పంచుతున్నారా అని అడిగే మనిషి కావాలి.

ఇంగ్లిష్ గురించి అంత బెంగ వద్దు. కేస్ షీట్లు ఇంగ్లిష్‌లో ఉంటాయి, నోట్స్ ఇంగ్లిష్‌లో రాయాలి. అవి ఒకే రకం మాటలు, ఇంటర్న్‌షిప్‌లోనే అలవాటవుతాయి. రౌండ్స్‌లో డాక్టర్‌కు రోగి ఎన్ని క్యాలరీలు తీసుకున్నాడు, ఎందుకు తినలేకపోయాడు అని రెండు వాక్యాల్లో చెప్పడం సాధన చెయ్యి. గది అద్దం ముందు నిలబడి రోజూ ఒక కేసు బయటికి చదువు. రోగి మాత్రం తెలుగులోనే మాట్లాడతాడు. హైదరాబాద్‌లో అయితే సగం మంది ఉర్దూలో, హిందీలో మాట్లాడతారు, అది కూడా కాస్త నేర్చుకో. రంజాన్ నెలలో ఇన్సులిన్ తీసుకునే పెద్దాయన రోజా ఉంటానంటే, శనివారం ఒక్కపొద్దు మానను అని మరో అమ్మ అంటే, వాళ్లను కసిరి పంపకూడదు. ఇన్సులిన్ డోసు, వేళ డాక్టర్ చేత మార్పించాలి. షుగర్ 70 కన్నా కిందికి పడితే ఉపవాసం అక్కడికక్కడే విరమించాలని నచ్చజెప్పాలి. అది వాళ్ల భాషలో, వాళ్ల మనసు నొచ్చకుండా చెప్పగలిగితే నీ ఇంగ్లిష్ ఎవరూ చూడరు. మక్క గట్క, సర్వపిండి, జొన్న రొట్టె తెలిసిన ఊరి పిల్లవి. ఓట్స్, క్వినోవా తప్ప వేరే పేరు రాని చార్టులు రాసేవాళ్లకు లేని బలం అది.

ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లో సంపాదించడం గురించి ఒక మాట. అనుభవం వచ్చాక ఫోన్‌లో కన్సల్టేషన్ ఇవ్వడం తప్పేమీ కాదు. దూరంగా ఉన్న రోగులకు మేలు కూడా. కానీ ఆ మూడు నెలల కోర్సుల చివర్లో చాలాసార్లు ఒక పౌడర్ డబ్బా ఉంటుంది. నువ్వు చార్ట్ రాసిస్తావు, అందులో ఆ డబ్బా ఉంటుంది, అమ్మిన ప్రతి డబ్బా మీదా నీకు కమీషన్. ఆ క్షణం నుంచి నువ్వు రోగి పక్షాన లేవు. నీ సలహా రోగికి కావాల్సిందా, నీకు కావాల్సిందా అని నీకే తెలియకుండా పోతుంది. ఆసుపత్రిలో ప్రొటీన్ సప్లిమెంట్లు మేమూ రాస్తాం, అవసరమున్నవాళ్లకు, అవసరమున్నన్నాళ్లే. అమ్మకం మీద వాటా తీసుకోము. ఈ ఒక్క గీత దాటొద్దని నా దగ్గర నేర్చుకున్న పిల్లలందరికీ చెబుతాను, నీకూ చెబుతున్నాను.

ఇప్పుడు మీ అమ్మ సంగతి. ఆమె చార్ట్ పాటించలేదంటే నువ్వు పనికిరావని కాదు. ఆమె ఏం తింటోందో తెలుసుకోకుండా ఏం తినాలో రాసిచ్చావని నా అనుమానం. ముందు మూడు రోజులు ఏమీ మార్చకుండా రాసుకో. పొద్దున చాయ్‌లో చక్కెర నుంచి రాత్రి పడుకునే ముందు నోట్లో వేసుకున్న పల్లీల దాకా. "కొంచెం అన్నమే" అంటుంది. ఆ కొంచెం ఎన్ని గరిటెలో చూడు, ఒక గరిటె అన్నం ఎన్ని గ్రాములో తూచు. మీ షాపులోనే త్రాసు ఉంది కదా.

షాపు మాట వచ్చింది కాబట్టి చెబుతున్నా, నీకు చాలామందికి లేని ఒక బడి ఇంట్లోనే ఉంది. 1972లో ఎన్‌ఐఎన్ ఆధ్వర్యంలో నేషనల్ న్యూట్రిషన్ మానిటరింగ్ బ్యూరో మొదలైంది. వాళ్ల సర్వే బృందాలు ఊళ్లకు వెళ్లి, ఇళ్లలో వండబోయే సరుకులు తూచి, ఎవరు ఎంత తిన్నారో రాసుకునేవి. ఒక ఇంటి తిండి తెలియాలంటే ఆ ఇంటి సరుకులు చూడాలి. మీ నాన్న ఉద్దెర ఖాతా పుస్తకంలో ఆ లెక్క సగం ఉంటుంది. నలుగురున్న ఇంట్లో లీటరు నూనె ప్యాకెట్ ఐదు రోజుల్లో అయిపోతే మనిషికి రోజుకు 50 మిల్లీలీటర్లు, అంటే సుమారు 45 గ్రాములు. 2024లో ఎన్‌ఐఎన్ ఇచ్చిన రోజువారీ ప్లేట్‌లో, 2,000 క్యాలరీల లెక్కకు, నూనె 27 గ్రాములే. అదే ప్లేట్‌లో బియ్యం, జొన్న, రాగి లాంటి ధాన్యాలన్నీ కలిపి 250 గ్రాములు, పప్పులు 85 గ్రాములు. 25 కిలోల బియ్యం బస్తా, వేరే ధాన్యం తినకపోతే, నలుగురికి 25 రోజులు రావాలి. మీ ఇంట్లో ఎన్నాళ్లు వస్తోంది? కందిపప్పు కిలో ఎన్నాళ్లు వస్తోంది? ముందు మీ ఇంటి లెక్క తియ్యి. వేరేవాళ్ల ఖాతాలు చూడాలంటే మాత్రం నాన్ననూ, వాళ్లనూ అడిగే చూడు, పేర్లు ఎక్కడా రాయకు. రోగి రహస్యం కాపాడడం కూడా అప్పటినుంచే అలవాటవ్వాలి.

లెక్క వచ్చాక అమ్మతో కూర్చుని ఒక్క మార్పు అడుగు, ఒక్కటే. రాత్రి అన్నం ఒక గరిటె తగ్గించి పప్పు ఒక గరిటె పెంచుతావా అని. ఆమె ఒప్పుకున్నదే రాయి. రెండు వారాలు చూసి రెండోది అడుగు. మాత్రలు మాత్రం ముట్టుకోకు. తిండి మారాక షుగర్ తగ్గుతుంటే రీడింగులు రాసి డాక్టర్‌కు చూపించండి, డోసు మార్చడం ఆయన పని.

చివరగా నాన్నగారు. బీఈడీ మంచి చదువు, ఆయన భయంలోనూ అర్థముంది. ఆడపిల్ల హైదరాబాద్‌లో ఎలా ఉంటుంది, చదివాక ఉద్యోగం వస్తుందా అన్నదే ఆయన అడిగేది. దానికి వాదనతో జవాబు చెప్పకు, కాగితంతో చెప్పు. రెండేళ్ల ఫీజు, హాస్టల్, ఇంటర్న్‌షిప్ ఆరు నెలలు, మొదటి జీతం అన్నీ ఒక పేజీలో రాసి ముందు పెట్టు. తక్కువ జీతం సంగతి దాచకు. కొట్టు నడిపే మనిషికి లెక్క తొందరగా అర్థమవుతుంది. బీఈడీ ప్రవేశానికి రాసే తెలంగాణ ఎడ్‌సెట్‌కు గరిష్ఠ వయోపరిమితి లేదని చెప్పు. ఎమ్మెస్సీ తర్వాత కూడా బీఈడీ చేయొచ్చు. ఎమ్మెస్సీ ఉంటే అధ్యాపక అర్హత పరీక్షలైన నెట్, సెట్ రాసి డిగ్రీ కాలేజీలో చెప్పే అవకాశం కూడా ఉంటుంది. పాఠాలు చెప్పే ఉద్యోగమే ఆయన కోరిక అయితే అదీ తీరుతుంది. వీలైతే కరీంనగర్‌లోనో హైదరాబాద్‌లోనో ఒక పెద్ద ఆసుపత్రి డైటెటిక్స్ విభాగానికి ముందుగా ఫోన్ చేసి, ఓపీ వేళలో నాన్నతో వచ్చి పది నిమిషాలు మాట్లాడొచ్చా అని అడుగు. చాలామంది డైటీషియన్లు కాదనరు. అడగాల్సిన ప్రశ్నలు ఆయన్నే అడగనివ్వు.